ఇస్త్రీ అక్క ఉతకని చొక్కా

రక్తం మరకకు వేడి తగలకూడదు. తగిలిందా, అది బట్టలోనే ఉండిపోతుంది, ఇక వదిలించడం ఎవరి తరమూ కాదు. మా వీధి మలుపులో రేకుల కొట్టు పెట్టుకున్న ఇస్త్రీ అక్క అందుకే చన్నీళ్ళలో నానబెట్టి, ఉప్పు రాసి, అరచేత్తో రుద్ది ఎంత మొండి మరకనైనా మాయం చేసేది. ఆమె నోరు మాత్రం మరకలకంటే మొండిది. చొక్కా గుండీ ఊడిందని ఎవరైనా సణిగితే, "గుండీ అయితే కుట్టిస్తాను గానీ నాయనా, నీ బొజ్జ తగ్గించడం నా వల్ల కాదు" అనేది. భర్త లారీతోపాటు లోయలో పడి చనిపోయాక, ఆ నోటితోనే నెగ్గుకొచ్చి కూతుర్ని పెంచింది.

వీధి చివర ఆడపిల్లలకు బాక్సింగ్ నేర్పే శిక్షణశాల ఉంది. దాన్ని నడిపే ఆయన్ని అందరూ గురువుగారనే అంటారు. ఆయన దగ్గర నేర్చుకున్న పిల్లలు పతకాలు తెచ్చారు, మంచి ఉద్యోగాల్లో చేరారు. ఆయన ఎదురొస్తే మా వీధి మగవాళ్ళు సైకిల్ దిగి నడుస్తారు. పిల్లల తెల్ల చొక్కాలన్నీ మూటగా అక్క దగ్గరికే వచ్చేవి. ముందువైపు రక్తం చుక్కలుంటే అక్క పట్టించుకునేది కాదు. ముక్కు పగలని బాక్సింగ్ ఎక్కడుంది గనక. కానీ కొన్ని చొక్కాలకు వీపు మీద, ఏటవాలుగా, తాడు మందాన చారలుండేవి. ఆ ఆటలో వీపు మీద ఎవరూ గుద్దరు.

అక్క ఒకసారి శాల వాచ్‌మన్‌ని అడిగింది. "స్కిప్పింగ్ తాడు తగిలుంటుందిలే అక్కా" అన్నాడతను, నేలచూపులు చూస్తూ. ఎదురింటి నుంచి శాలకు వెళ్ళే ఒక పిల్ల తల్లిని అడిగితే, "దెబ్బ పడకుండా ఆట వస్తుందా వదినా? ఆయన మన పాలిట దేవుడు. నువ్వు ఎక్కడా నోరు జారకు" అంది. ఊరందరినీ దులిపేసే అక్క నోరు అక్కడ ఆగిపోయింది. ఎందుకంటే అప్పటికే తన కూతురు కూడా ఆ శాలలో చేరింది. పోటీలకు వెళ్ళే జట్టులో చోటు దొరికితే ఉద్యోగం, ఆ రేకుల వేడి నుంచి విముక్తి. అక్క ఆ చొక్కాల్ని కూడా చన్నీళ్ళలో ముంచింది.

కూతురు మాత్రం తన చొక్కా తనే ఉతుక్కునేది. "నా బంగారుతల్లి, నాకు పని తగ్గిస్తోంది" అని అక్క వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

జట్టును ప్రకటించే ముందు రోజు మధ్యాహ్నం పిల్ల ఇంటికొచ్చి గుమ్మంలోనే కూలబడింది. చొక్కా వీపుకు అతుక్కుపోయి ఉంది. అక్క నీళ్ళతో తడుపుతూ కొంచెం కొంచెంగా ఊడదీసింది. చర్మం చీలి లోపలి మాంసం కనబడుతోంది. కొత్త చారల కింద మానిపోయిన పాత చారలు. ఒకటి మెడ చుట్టి చెవిదాకా పాకింది. పిల్ల అరవలేదు. ఎన్నాళ్ళుగానో అలవాటైనట్టు తువ్వాలు నోట్లో కుక్కుకుంది.

"ఎందుకు కొట్టాడే?"

"కొత్తగా చేరిన పిల్లని గోడకేసి బాదుతుంటే అడ్డం వెళ్ళానమ్మా. నన్ను గదిలోకి ఈడ్చి తలుపేశాడు. తాడు నీళ్ళలో తడిపి, చెయ్యి అలిసేదాకా కొట్టాడు."

"ఇన్నాళ్ళూ నాకొక్క ముక్క చెప్పలేదేం?"

పిల్ల తల్లి వైపు వింతగా చూసింది. "చెప్పడానికేముంది? అందరి చొక్కాలూ ఉతికేది నువ్వేగా. తెలిసే ఊరుకున్నావనుకున్నా."



ఇక్కడి నుంచి నేను ఆ గురువుగారిని వాడనే అంటాను. నచ్చనివాళ్ళు చెవులు మూసుకోవచ్చు.

మర్నాడు పొద్దున అక్క ఆ చొక్కాని ఉతకలేదు. కొట్టు ముందున్న బల్ల మీద వీపు పైకొచ్చేలా పరిచి, బాగా కాలిన ఇస్త్రీ పెట్టెతో రుద్దసాగింది. మాడిన రక్తం వాసన వీధిలోకి వచ్చింది. బట్టలు తెచ్చినవాళ్ళు చూసి, చూడనట్టు తల తిప్పుకుని, మూటలతోనే వెనక్కి పోయారు. కబురు మాత్రం శాలకు చేరింది. వాడు వచ్చాడు.

"ఏంటమ్మా ఇది?"

"మీ చేతిపనే గురువుగారూ. చెరిగిపోకుండా చూస్తున్నా."

"సాయంత్రం చదివే జట్టులో మొదటి పేరు నీ కూతురిదే. అదిటివ్వు." చొక్కా అంచు పట్టుకున్నాడు.

"చెయ్యి తీయండి. కాలుతుంది."

వాడు నవ్వాడు. ఎడంచేత్తో అక్క జుట్టు పట్టుకుని తలని బల్లకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నుదురు చిట్లి, రక్తం కళ్ళలోకి కారింది. వాడి కుడిచెయ్యి ఇంకా చొక్కా మీదే ఉంది. అక్క తడుముకుని ఇస్త్రీ పెట్టె ఎత్తింది. ఆ చేతి మీద పెట్టి ఒంటి బరువంతా మోపింది.

వాడి కేకతో మా వీధికి నోరొచ్చింది. ఏళ్ళ తరబడి ఆడపిల్లల వీపులు చీలుతుంటే కిక్కురుమనని వీధి, ఆ ఒక్క చెయ్యి కాలేసరికి గొంతు చించుకుంది. రాక్షసి అన్నారు, తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు. ఎదురింటి తల్లి రాయి తీసుకుని పరిగెత్తుకొచ్చింది. పోలీసు వచ్చి చూసిందెవరని అడిగితే, వాచ్‌మన్‌తో సహా నేనంటే నేనని ఎగబడ్డారు. అక్క తల బల్లకు కొట్టుకోవడం మాత్రం ఒక్కరి కంటా పడలేదట.

పోలీసు రాసుకోవడానికి సిద్ధమయ్యాడు. అప్పుడు లోపల్నుంచి కూతురు గోడ పట్టుకుని తూలుతూ వచ్చింది. బల్ల మీది చొక్కా తీసి అతని ముందు పరిచింది. మరక నల్లగా, తాడు అల్లికతో సహా అచ్చుపడి ఉంది.

"అమ్మ చేసింది రాసుకోండి. కానీ మొదట్నుంచి రాయండి. ముందు నాది రాయండి." తర్వాత ఎదురింటి తల్లి వైపు తిరిగింది. "దాని తర్వాత మీ అమ్మాయిది, అత్తా."

అప్పటిదాకా అరుస్తున్న ఆ మనిషి నోరు ఆగిపోయింది. చేతిలో రాయి అలాగే ఉంది.