నిత్యానందం గారి పారిస్ ఉత్తరం

ఏలూరు దాటి వట్లూరు వైపు వెళ్తుంటే హైవే పక్కన నిత్యానందం గారి కొట్టు కనిపిస్తుంది. దాన్ని పంక్చర్ కొట్టు అంటే ఆయనకు కోపం. పంక్చర్లు వేస్తారు, గాలి కొడతారు, లారీ టైర్లు విప్పి బిగిస్తారు, కొత్తవీ అమ్ముతారు. అన్నీ చేస్తారు గానీ పంక్చర్ కొట్టు అనకూడదు. అందుకే బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'టైర్ వర్క్స్' అని రాయించారు. ఊళ్లో వాళ్లు బోర్డు చూసి, నిత్యానందం గారి పంక్చర్ కొట్టు వచ్చేసిందని దిగిపోతుంటారు.

ఆయనకు యాభై రెండేళ్లు. చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఉదయం మొదటి ఆరాధనకు వెళ్తారు, ఇంటికొచ్చి టిఫిన్ చేసి రెండో ఆరాధనకూ వెళ్తారు. కొత్తగా వచ్చిన వాళ్లు ఆ భక్తికి ముచ్చటపడతారు. పాతవాళ్లు నవ్వుకుంటారు. ఎందుకంటే సాయంత్రం ఆరాధనలో ఆయన కనిపించరు. ఆ వేళకు టీవీలో ఫార్ములా వన్ కార్ల పందెం వస్తుంది. ఉదయం రెండుసార్లు వెళ్లాక సాయంత్రానిది కూడా తీరిపోయినట్టేనని ఆయన అభిప్రాయం. దేవుడి అభిప్రాయం ఎవరికీ తెలియదు గానీ, భార్య సత్యవతి గారి అభిప్రాయం వీధంతటికీ తెలుసు.

ఈ పిచ్చి పట్టుకోవడానికి కారణం కార్లు కాదు, టైర్లు. ఓ ఆదివారం ఊరికే ఛానళ్లు తిప్పుతుంటే, పరుగెత్తుకొచ్చిన ఎర్ర కారు ఒకటి చటుక్కున ఆగింది. ఇరవై మంది దాని మీద పడ్డారు. నిత్యానందం గారు టీ గ్లాసు నోటి దాకా తెచ్చి గుటక వేసేలోపు నాలుగు టైర్లూ మారిపోయి కారు వెళ్లిపోయింది. ఆయన ఆ గ్లాసు అలాగే పట్టుకుని ఉండిపోయారు. పాతికేళ్లుగా తను చేస్తున్న పనిని ప్రపంచమంతా టీవీలో చూస్తోందని ఆయనకు ఆ రోజే తెలిసింది.

మర్నాడే స్టాప్‌వాచ్ కొన్నారు. ఇక చేపల లారీ డ్రైవర్లకు కష్టాలు మొదలయ్యాయి. టైరు విప్పే సందులో కాస్త నడుం వాల్చి టీ తాగుదామని వాళ్లు కొట్టు ముందు ఆపితే, పనివాళ్లు నలుగురూ లారీ మీద పడేవారు, ఈయన వాచీ పట్టుకుని కేకలేసేవారు. "అయిపోయిందాండీ? నేనింకా టీ చెప్పనే లేదు" అని డ్రైవర్లు దిగులుగా మళ్లీ బండెక్కేవారు.

టైర్లు మార్చుకుంటూ మొదట కంటపడింది ఎర్ర కారు గనక ఆయన ఎర్ర కారు మనిషయ్యారు. ఆయన స్నేహితుడు బాపిరాజు గారేమో నీలం కారు మనిషి. ఆయనకు కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. వ్యాను టైర్ల కోసం వచ్చి ఓసారి రేసు చూసి, అప్పట్నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం ఏలూరులో ఏదో ఒక పని పెట్టుకోవడం మొదలుపెట్టారు. నీలం కారే ఎందుకంటే దానికి పెద్ద కారణమేం లేదు. ఇద్దరూ ఒకే కారంటే ఇక మాట్లాడుకోవడానికేముంటుంది!

అంతా బాగానే ఉండేది గానీ ఎర్ర కారు మరీ గెలవడం మొదలుపెట్టింది. రెండు వేల నాలుగులో పద్దెనిమిది రేసుల్లో పదిహేను దానివే. వేసవి నడిమధ్యలో బాపిరాజు గారు రావడం మానేశారు. "గెలిచేదెవరో ముందే తెలిశాక నలభై కిలోమీటర్లు రావడం దేనికండీ? అక్కణ్నుంచే ఫోన్లో కంగ్రాట్స్ చెబుతాలెండి" అన్నారు. నిత్యానందం గారు ఆ ఏడాది మిగిలిన గెలుపులన్నీ ఒక్కరే చూశారు. ఎర్ర కారు గెలవగానే గర్వంగా పక్కకు తిరిగేవారు. పక్కన కుర్చీ ఖాళీ. గెలుపంటే ఇంత చప్పగా ఉంటుందా అని ఆయనకు లోలోపల అనుమానం వచ్చింది గానీ పైకి అనలేదు.

ఆ తర్వాతి ఏడాది కొత్త రూలొచ్చింది. రేసు మధ్యలో టైర్లు మార్చకూడదు. మొదటేసిన నాలుగు టైర్లతోనే చివరిదాకా పోవాలి. పేపర్లో అది చదివి నిత్యానందం గారు కొట్టు కట్టేయమన్నంతగా బాధపడ్డారు. "నాలుగు టైర్లతో జాగ్రత్తగా వెళ్లి రమ్మంటే అది రేసా, పెళ్లివారి వ్యానా?" అని వచ్చినవాణ్నల్లా అడిగేవారు. పంక్చర్ వేయించుకోవడానికొచ్చిన పాలవాడు ఏం చెప్పాలో తెలియక, నిజమేనండి అన్నాడు.

కొత్త రూలుకి ఎర్ర కారు చతికిలబడింది. నీలం కారు గెలుస్తూ పోయింది. బాపిరాజు గారికి మళ్లీ ప్రతి ఆదివారం ఏలూరులో పని పడింది.

"టైరు అరగకుండా తోలడమే డ్రైవింగండీ. మా వ్యాను డ్రైవరుకి రూటుకో టైరు ఇస్తున్నామా?" అనేవారాయన.

"మీ వ్యాను మూడొందల స్పీడుతో పోతుందేంటండీ?" అనేవారు ఈయన.

"పోదులెండి. పోయినా మీ కొట్టు ముందు ఆపాల్సిందేగా, ఆయ్!"

మే నెల చివరి ఆదివారం ఆ రూలు తన ప్రతాపం చూపించింది. ముందు వెండి రంగు కారు పోతోంది, వెనక నీలం కారు తరుముతోంది. వెండి కారు ముందు టైరు ఒకచోట అరిగి పలకబారింది. చక్రం అదిరిపోతోంది. ప్రమాదమనుకుంటే ఆగి మార్చుకోవచ్చు గానీ ఆగితే గెలుపు పోతుంది. వాడు ఆగలేదు. చివరి పది చుట్లూ నిత్యానందం గారు నిలబడే ఉన్నారు. "ఆగరా నాయనా, మార్చుకోరా!" అని టీవీని బతిమాలారు. ఇంకొక్క చుట్టుందనగా ఆ చక్రం కాస్తా విరిగి వేలాడింది, కారు గిర్రున తిరిగి పక్కకు పోయింది. నీలం కారు గెలిచింది. బాపిరాజు గారు ఎగిరి గంతేస్తే కుర్చీ కాలు విరిగింది.

మర్నాడు ఉదయమే నిత్యానందం గారు పారిస్‌లో ఉండే రేసుల సంఘానికి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాన్ని పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్లారు. అక్కడ సత్యవతి గారి చెల్లెలు స్టెల్లా ఇంగ్లీషు టీచరు. ఆవిడ నాలుగు పేజీలనూ రెండు పేజీల ఇంగ్లీషు చేసింది.

"బావగారూ, 'మీలో ఒక్కరైనా జీవితంలో ఒక్క టైరు విప్పారా?' అని ఉందండీ. అది తీసేద్దామా?" అని అడిగింది.

"అమ్మా, ఉత్తరానికి ప్రాణం అదే" అన్నారు ఈయన.

ఉత్తరం సంగతి సాయంత్రానికి కొట్టుకు, ఆదివారానికి చర్చికి తెలిసిపోయింది. ఒక్క పోస్టాఫీసుకే తెలియలేదు. ఎందుకంటే నిత్యానందం గారు పెద్ద పోస్టాఫీసుకు వెళ్లి, స్టాంపుల కోసం క్యూలో నిలబడి, తన వంతు వచ్చేసరికి వెనక్కి వచ్చేశారు. క్యూలో ఉండగా ఆయనకు మొన్నటి చివరి పది చుట్లు గుర్తొచ్చాయి. గుండె అలా కొట్టుకుని ఎన్నేళ్లయిందో! ఈ రూలు పోతే మళ్లీ ఎర్ర కారే గెలుస్తుంది, మళ్లీ కుర్చీ ఖాళీ అయిపోతుంది. ఉత్తరాన్ని జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి బీరువాలో దాచేశారు. సత్యవతి గారు "వేసేశారా?" అని అడిగితే, "ఆ పనయిపోయింది" అన్నారు. సంఘపెద్ద గదా, అబద్ధమాడకూడదు.

డిసెంబరులో పేపర్లో చిన్న వార్త వచ్చింది. వచ్చే ఏడాది నుంచి రేసులో మళ్లీ టైర్లు మార్చుకోవచ్చునట.

గంట తిరక్కుండా టైర్ల కొట్ల సంఘం ప్రెసిడెంటు అచ్యుతరావు గారు స్వీటు ప్యాకెట్టుతో దిగారు. "పారిస్ వాళ్లు మన ఏలూరు మాట విన్నారండీ!" అని వాటేసుకున్నారు. నిత్యానందం గారు నిజం చెబుదామనే నోరు తెరిచారు. ఆ నోట్లో అచ్యుతరావు గారు లడ్డూ పెట్టారు. ఆ తర్వాత మీటింగు పెట్టి శాలువా కప్పారు. అప్పుడైనా చెప్పవచ్చు. కానీ ఆయనకు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ శాలువా కప్పలేదు. ఆ సాయంత్రం ఎవరూ ఆయన కొట్టును పంక్చర్ కొట్టు అనలేదు కూడా. చెప్పలేకపోయారు.

బాపిరాజు గారు మాత్రం మీటింగుకు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. రేసులు లేని నెలల్లో కూడా టీకీ దెబ్బలాటకీ వచ్చే మనిషి, ఫోన్ చేస్తే "చెరువులో చేపల పట్టుబడి ఉందండీ" అనేవారు. జనవరంతా పట్టుబడేనట. ఫిబ్రవరిలో కొల్లేరులో అక్రమ చెరువుల గట్లు కొట్టేస్తారన్న కబుర్లు వినిపిస్తుంటే, పాపం ఆ దిగులేమోననుకున్నారు ఈయన. విచారిస్తే బాపిరాజు గారి చెరువులు కొల్లేరు హద్దుకు బయటే ఉన్నాయి.

ఓ రోజు బాపిరాజు గారి వ్యాను కొట్టు ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయింది. నిత్యానందం గారు మనిషిని చూసేకన్నా ముందు టైరును చూస్తారు. వెనక రెండూ కొత్తవి, తను అమ్మినవి కావు. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం ముట్టలేదు.

"ఏవండీ, ఎవరైనా పోయారా?" అన్నారు సత్యవతి గారు కంగారుగా.

"రాజుగారు హనుమాన్ జంక్షన్లో టైర్లు వేయించారు" అన్నారాయన.

సత్యవతి గారు ముందు నవ్వారు, తర్వాత ఆయన మొహం చూసి మానేశారు. ఇక ఆయన ఉత్తరం సంగతంతా చెప్పేశారు. ఆవిడ ఆశ్చర్యపోలేదు, బీరువా సర్దేది ఆవిడే.

"వెళ్లి ఆయనకూ ఇదే చెప్పండి మరి."

"చెబితే నలుగురికీ తెలుస్తుంది. శాలువా వెనక్కి ఇచ్చేయాలి."

"ఇచ్చేయండి. రాజుగారు కావాలా, శాలువా కావాలా?"

మార్చి పన్నెండున ఆ ఏడాది మొదటి రేసు. సాయంత్రం టైర్ల కొట్ల సంఘం వాళ్లందరూ కొట్లోనే టీవీ చూస్తామన్నారు. మన రూలు మన కళ్లతో చూడాలని అచ్యుతరావు గారి పట్టుదల. ఆ ఉదయం నిత్యానందం గారు మొదటి ఆరాధన కాగానే, రెండోది మానేసి కైకలూరు బస్సెక్కారు. పాస్టరు గారు ఆయనకు ఒంట్లో బాగాలేదేమోననుకుని ప్రార్థన చేయించారని తర్వాత తెలిసింది.

బాపిరాజు గారు గట్టు మీద నిలబడి, పడవలో మనుషులు చేపల మేతకు తవుడు సంచులు కర్రలకు కట్టడం చూస్తున్నారు. ఈయన్ను చూసి మర్యాదగా కుర్చీ వేయించారు. ఆ మర్యాదే ఈయనకు గుచ్చుకుంది.

"నా మీద కోపమా రాజుగారూ?"

"కోపం దేనికండీ? మీరో ఉత్తరం రాశారు, పారిస్ వాళ్లు రూలు మార్చేశారు. రేపు నీలం కారు మళ్లీ గెలిస్తే ఇంకోటి రాస్తారు. మీరు రూళ్లు మార్పించే మనిషండీ. నేను కుర్చీలో కూర్చుని అరిచే మనిషిని. మీ పక్కన కూర్చుని నేనేం పోటీ పడతాను?"

నిత్యానందం గారు జేబులోంచి ఉత్తరం తీసి ఆయన చేతిలో పెట్టారు. కవరు అంటించి ఉంది. స్టాంపు లేదు.

"వెయ్యలేదండీ" అన్నారు. "రూలు మారితే మీరు మళ్లీ రారని."

బాపిరాజు గారు కవరును అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత తల పట్టుకున్నారు.

"అయ్యబాబోయ్! ఐసు ఫ్యాక్టరీ నుంచి మేత కొట్ల దాకా కైకలూరంతా చెప్పుకున్నానండీ, మా నిత్యానందం గారు పారిస్ వాళ్ల మెడలు వంచారని! కోపం కోపమే, చెప్పుకోవడం చెప్పుకోవడమే. ఇప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

ఇద్దరూ వ్యానులోనే ఏలూరు వచ్చారు. ఎక్కే ముందు నిత్యానందం గారు వంగి వెనక టైర్ల నట్లు చూసి, హనుమాన్ జంక్షన్ పనితనం గురించి ఓ మాట అనేదాకా ఊరుకోలేదు.

సాయంత్రం కొట్టు నిండా జనం. ఎర్ర కారు ముందుంది, నీలం కారు వెనకే ఉంది. ఎర్ర కారు ఆగి టైర్లు మార్చుకుని వెళ్లింది. కాసేపటికి నీలం కారూ ఆగింది. మనుషులు మీద పడ్డారు, లేచారు. అది రోడ్డెక్కేసరికి ఎర్ర కారు దూసుకొచ్చింది. రెండూ పక్కపక్కనే మలుపు తిరిగాయి. మలుపు దాటాక చూస్తే ముందున్నది నీలం కారు. చివరిదాకా అదే ముందుంది. ఏ టైరు మార్పిడి కోసం నిత్యానందం గారు ఏడాదంతా కొట్లాడారో, ఆ టైరు మార్పిడే ఎర్ర కారును ఓడించింది.

బాపిరాజు గారు గంతెయ్యలేదు. భయంగా పక్కకు చూశారు. నిత్యానందం గారి కళ్లు మెరుస్తున్నాయి, గుండె కొట్టుకుంటోంది. ఓడిపోయారు, అయినా ఆయనకు ఎంతో సంతోషంగా ఉంది.

"ఇదేంటండీ, మన ఉత్తరం అవతలివాడికి పనికొచ్చింది!" అన్నారు అచ్యుతరావు గారు నీరసంగా.

నిత్యానందం గారు లేచి నిలబడ్డారు. "ఆ ఉత్తరం నేను పోస్టు చెయ్యలేదండీ. మీ శాలువా మీకు ఇచ్చేస్తాను" అన్నారు అందరికీ వినబడేలా.

కొట్టంతా ఒక్కసారిగా నవ్వులు. "ఎర్ర కారు ఓడిందని ఎంత మాటైనా అంటారా!" అన్నారు అచ్యుతరావు గారు. ఈయన ఒట్టు పెట్టుకోబోతే ఇంకా నవ్వారు. చివరికి అచ్యుతరావు గారే బాపిరాజు గారి వైపు తిరిగి, "ఏవండీ రాజుగారూ, మీరైనా చెప్పండి. నిజమేంటి?" అన్నారు.

బాపిరాజు గారు కవరున్న జేబు మీద చెయ్యేసుకుని తాపీగా చెప్పారు.

"వేశారండీ. పెద్ద పోస్టాఫీసులో. స్టాంపులు నేనే అంటించాను."

ఆ మాట చెప్పి ఆయన తన కుర్చీని నిత్యానందం గారి దగ్గరకు జరుపుకున్నారు. వచ్చే ఆదివారం రేసు ఎన్నింటికని అడిగారు.