మొటిమల మందు, మా ఇంటి అనుమానాలు

మా నాయనకు కదిరిలో వేరుశెనగ వ్యాపారం. చుట్టుపక్కల పల్లెల రైతులు తెచ్చిన కాయల మూటలు కొని నూనె మిల్లులకు పంపేవాడు. మూట విప్పగానే పైన కనిపించే కాయల్ని ఆయన ఎప్పుడూ చూసేవాడు కాదు. చెయ్యి మోచేతి దాకా లోపలికి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి, ఒలిచి, నమిలి, అప్పుడు ధర చెప్పేవాడు. మనుషులతోనూ ఆయన తీరు అంతే. పైకి చెప్పే మాట కింద ఇంకో మాట ఉంటుందని ఆయన గట్టి నమ్మకం. అమ్మకు వ్యాపారం తెలియదు గానీ అనుమానంలో ఆయనకేమీ తీసిపోదు. అట్లాంటి ఇంట్లో, పదో తరగతి అయిపోయే ఏడు, నా ముఖం నిండా మొటిమలు వచ్చాయి.

వచ్చి పోయే రకం కావవి. దవడల వెంట లోతుగా, గట్టిగా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా ఉండేవి. ఒకటి తగ్గేలోపు పక్కన ఇంకొకటి లేచేది. ఏ వైపు తిరిగి పడుకున్నా చెంప దిండుకు ఆనేది, మెలకువ వచ్చేది. ఇంటర్‌లో చేరేసరికి క్లాసులో చున్నీతో ఒక చెంప కప్పుకుని కూర్చోవడం నాకు అలవాటైపోయింది.

ఇంట్లో మొదటి అనుమానం నా మీదికే వచ్చింది. ఒళ్లు వేడి చేసిందని, దొంగతనంగా వేరుశెనక్కాయలు తింటున్నానని అమ్మ తేల్చేసింది. కాలేజీ నుంచి రాగానే నా సంచి అడుగున పొట్టు ఏమైనా ఉందేమోనని తడిమేది. నేను కాయలు మానేసి ఎన్నాళ్లో అయింది, చెబితే నమ్మేది కాదు. సబ్జా గింజల నీళ్లు తాగించింది. వేపాకు నూరి పూసింది. నూనె వస్తువులన్నీ నా కంచం దగ్గరికి రాకుండా చేసింది. మొటిమలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

ఇంటర్ మొదటి ఏడు అయిన ఎండాకాలం తాడిపత్రి నుంచి మా పిన్ని వచ్చింది. అమ్మకు చెల్లెలు, నవ్వుతూ మాట్లాడే మనిషి. నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, సంచిలోంచి ఒక చిన్న ట్యూబు తీసి చేతిలో పెట్టింది. వాళ్ల వీధిలో ఆడపిల్లలంతా అదే రాసుకుంటున్నారట, మొటిమలు పోయి తెల్లబడుతున్నారట. నాయన ఆ ట్యూబును అందుకుని, వెనక ఉన్న సన్న అక్షరాలు చదవడానికి వాకిట్లో వెలుతురులోకి తీసుకుపోయాడు. ఇంగ్లీషు ఆయనకు రాదు. అయినా చాలాసేపు చూశాడు.

"ఎవురు రాసిచ్చినారు దీన్ని?" అని అడిగాడు.

"ఎవురూ రాసీలేదు బావా. మందులంగట్లో అడిగితే ఇచ్చినారు. అందురూ కొంటాండారు."

నాయన ట్యూబును ఇంకోసారి తిప్పి చూసి నాకు ఇచ్చేశాడు.

పూసిన వారానికే ఎరుపు తగ్గింది. గడ్డలు అణిగిపోయాయి. ముఖం నున్నగా, కొంచెం తెల్లగా కూడా కనిపించింది. అమ్మ సంతోషం పట్టలేకపోయింది. నేను చున్నీ తీసేసి కాలేజీకి పోవడం మొదలుపెట్టాను. నాయన ఒక్కడే భోజనానికి కూర్చున్నప్పుడల్లా నన్ను పరీక్షగా చూసేవాడు. ఇంత తొందరగా మాన్పిందంటే అందులో ఏదో ఉందని అమ్మతో అన్నాడు. మంచి జరిగినా ఓర్చుకోలేని మనిషని అమ్మ విసుక్కుంది.

ట్యూబు మీద ట్యూబు, శీతాకాలం దాకా రాశాను. ఆ తర్వాత ఒకసారి ట్యూబు అయిపోయింది, పిన్ని నుంచి కొత్తది రావడం ఆలస్యమైంది. రెండు మూడు రోజుల్లో ముఖం మిరపకాయ పూసినట్టు మండింది. దవడల మీదే కాదు, నుదురు మీద, బుగ్గల మీద, అంతకు ముందు ఎన్నడూ లేని చోట్ల ఎర్రగా పొక్కులు లేచాయి. చెంపల మీద సన్నని నూగు వెంట్రుకలు కూడా వచ్చాయి. అద్దంలో నన్ను నేను చూసుకుని భయపడ్డాను. కొత్త ట్యూబు వచ్చాక రాసుకుంటే మళ్లీ తగ్గింది, మానేస్తే మళ్లీ లేచింది. అప్పుడు నాయన ఆ ట్యూబును చొక్కా జేబులో వేసుకుని, అనంతపురం పోదాం పదండి అన్నాడు.

అక్కడ చర్మవ్యాధుల డాక్టరమ్మ ఒకామె ఉందని మిల్లు వాళ్లెవరో చెప్పారట. నడివయసు మనిషి, మాటలో మెత్తదనం లేదు. ముందు నా ముఖం కూడా చూడలేదు. నాయన బల్ల మీద పెట్టిన ట్యూబు చూసి, దీంట్లో స్టెరాయిడ్ ఉంది, మొటిమలకు రాయాల్సింది కాదు, చర్మం పలచబడిపోతుంది అన్నారు. ఎన్నాళ్లు రాశావని నన్ను గట్టిగా అడిగారు. చెప్పాను. తల అడ్డంగా ఊపి, ఒక్కసారిగా ఆపితే మండిపోతుంది, నేను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి అన్నారు.

తర్వాత ఇంక ఏం చేయవచ్చో చెప్పారు. ఒక దారి, రాత్రిపూట పూసే జెల్లు, దానితోపాటు కొన్ని నెలలు మింగే యాంటీబయాటిక్ మాత్రలు. నిదానంగా పనిచేస్తాయి, మొదట్లో చర్మం పొట్టు లేస్తుంది, ఎండలో తిరగకూడదు. లోతు గడ్డలన్నీ దీనితో పోతాయని మాట ఇవ్వలేనన్నారు. రెండో దారి, ఒక బలమైన క్యాప్సూల్. చర్మంలో జిడ్డు పుట్టించే గ్రంథుల్నే అణచివేస్తుంది. ఇట్లాంటి మొండి మొటిమలకు దానంత గట్టి మందు లేదు గానీ, పెదవులు పగిలిపోతాయి, మధ్యమధ్య రక్తపరీక్ష చేయించాలి, కాలేయాన్ని కనిపెట్టి ఉండాలి.

నాయన ఆమెను అడిగిన ప్రశ్నలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గు వేస్తుంది. ఆ మందులు ఎక్కడ దొరుకుతాయి, మీ ఆసుపత్రి కింద ఉన్న అంగట్లోనేనా, రక్తపరీక్ష ఎక్కడ చేయించాలి, పక్క వీధిలోని ల్యాబులోనేనా, అది ఎవరిది? ఆమె విసుక్కోలేదు. ఎక్కడైనా కొనుక్కోండి, ఎక్కడైనా చేయించుకోండి, ఫలితం నాకు చూపించండి చాలు అన్నారు. ఆ జవాబు నాయనకు ఇంకా అనుమానం కలిగించిందని ఆయన ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు ఆమె నాయనను కాసేపు బయట కూర్చోమన్నారు. నెలసరి సరిగ్గా వస్తోందా అని నన్ను అడిగారు. అమ్మ వైపు తిరిగి, రెండో మందు వాడితే ఒక ముఖ్యమైన సంగతి ఉందమ్మా అన్నారు.

"మందు తింటున్నన్నాళ్లూ, ఆపినాక ఒక నెల దాకా, కడుపు రాకూడదు. ముందు పరీక్ష కూడా చేయిస్తాను."

అమ్మ కుర్చీలోంచి లేచింది. నా పిల్లకు పెళ్లి కాలేదు, మాది అట్లాంటి ఇల్లు కాదు అంది. డాక్టరమ్మ ఇది అందరికీ చెప్పే మాటేనని ఏదో అనబోతుండగానే అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. బెంచీ మీద కూర్చున్న నాయన ఏమైందని అడిగాడు. ఏమీ లేదు, పోదాం పద అంది. మందుల చీటీ తీసుకోనేలేదు.  బస్సులో కదిరి చేరేదాకా నాయన ఒకసారి అమ్మనూ ఒకసారి నన్నూ చూస్తూ కూర్చున్నాడు.

ఆ రోజు నుంచి అమ్మ మారిపోయింది. కాలేజీ వదిలే వేళకు వీధి మొగలో నిలబడేది. నేను ఎవరితో నడిచి వస్తున్నానో చూసేది. నా సంచి వెతకడం మానలేదు, కానీ ఇప్పుడు వెతికేది వేరుశెనగ పొట్టు కోసం కాదు. నోటు పుస్తకాల పేజీలు ఒక్కొక్కటే తిప్పేది. నెలసరి రోజుల్లో నన్ను మూలకు పిలిచి అడిగేది. ఆమెకు ఏం అనుమానమో నాకు అర్థమవుతోంది, కానీ ఆ మాట తను అనదు, నేను అనలేను. ఒక మధ్యాహ్నం వంటింట్లో చెనక్కాయల పొడి దంచుతూ రోకలి ఆపి అడిగేసింది.

"నిజం చెప్పు. ఆయమ్మ అందురినీ ఇడిసిపెట్టి నిన్నే ఎందుకు అట్ల అడిగింది? నీ మొగంలో ఆమెకు ఏం కనపడింది?"

"మొటిమలు," అన్నాను.

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే ఏడ్చేదాన్ని. కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది, అబద్ధం ఎక్కడ దాక్కుందా అన్నట్టు. నేను పెరట్లోకి పోయి కూర్చున్నాను. మండుతున్న ముఖం మీద కన్నీళ్లు పడితే ఇంకా మండింది. నా సొంత ముఖమే నా మీద ఏదో చాడీ చెప్పినట్టు అనిపించింది.

మా ఇద్దరి మధ్య ఏదో ఉందని నాయన కనిపెట్టాడు. అమ్మను అడిగితే చెప్పలేదు. నన్ను అడిగితే ఏం చెప్పాలి? ఒక రోజు మిల్లులో పని ఉందని పొద్దున్నే అనంతపురం బస్సెక్కాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని నడింట్లో కూర్చుని ఇద్దరినీ పిలిచాడు. ఆడవాళ్ల సంగతులు ఆ మనిషి నోట నేను ఎప్పుడూ వినలేదు. నెలసరి రోజుల్లో నేను వాకిట్లో కనిపిస్తే ఆయనే తల తిప్పుకుని పోయేవాడు. ఇప్పుడు భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకుని, గోడ వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"డాక్టరమ్మను కలిసినా. ఇంగో రెండు మందులంగళ్లలో గూడా అడిగినా, ఆమెకు సంబంధం లేని అంగళ్లు. అంతా ఒకే మాట చెప్పినారు. కడుపుతో ఉండే ఆడది ఆ మందు తింటే పుట్టే బిడ్డకు అవిటితనం వస్తాదంట. అందుకని ఆడోళ్లు ఎవురొచ్చినా ఆ మాట చెప్పాల్సిందేనంట, పెండ్లి అయినా కాకపోయినా. మన పాప అని కాదు."

అమ్మ తలుపు పట్టుకుని నిలబడి ఉంది. నిజంగా అందరికీ చెప్తారా అని చిన్నగా అడిగింది. ఆయన ఇంకా గోడ వైపే చూస్తున్నాడు.

"నేనూ అదే అడిగినా. మీ కూతురైతే ఏం చేస్తారమ్మా అన్నా. నా కూతురికైనా ఇదే చెప్తా, చెప్పకుంటే నేను డాక్టర్నే కాదు అనె."

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. అప్పుడు నాయన నా వైపు తిరిగాడు. మొహం నీది, నువ్వు చెప్పు, ఏ మందు కావాల అన్నాడు. అంతవరకూ ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. బలమైన మందు పేరు వింటేనే నాకు పిన్ని తెచ్చిన ట్యూబు గుర్తొచ్చింది. తొందరగా నయం చేసే ఏదీ నాకు నమ్మబుద్ధి కాలేదు. ముందు నిదానంగా పనిచేసేదే వాడతాను అన్నాను.

మళ్లీ అనంతపురం పోతే డాక్టరమ్మ కూడా, ట్యూబు చేసిన గాయం మానేదాకా అదే మంచిదన్నారు. జెల్లు రాసుకుని పడుకుంటే దిండు గలీబుల రంగు వెలిసిపోయేది. బట్టను ఇట్లా చేసేది చర్మాన్ని ఏం చేస్తుందోనని అమ్మ ప్రతి గలీబునూ నాయనకు చూపించేది. ఆయన మరుసటి సారి అనంతపురం పోయినప్పుడు గలీబు మడిచి తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆమె మొదటిసారి నవ్వారు. బట్టల రంగు పోవడం ఆ మందు గుణమేనని, తెల్ల గలీబు వేసుకోమని చెప్పారు.

కొన్ని నెలలకు నుదురు, బుగ్గలు తేటపడ్డాయి. నూగు వెంట్రుకలు రాలిపోయాయి. దవడల మీది గడ్డలు మాత్రం కదల్లేదు, మానినచోట గుంటలు పడుతున్నాయి. ఇంక ఆలస్యం చేస్తే గుంటలు ఎక్కువవుతాయని ఆమె అన్నాక, ఈసారి నేనే ఆ క్యాప్సూల్ అడిగాను. పాత మాత్రలు ఆపించి, పరీక్షలన్నీ చేయించి మొదలుపెట్టారు. కడుపు పరీక్ష కూడా చేయించారు. అమ్మ ల్యాబులో నా పక్కనే కూర్చుంది, నేల వైపు చూస్తూ. రక్తపరీక్ష ఒకసారి అనంతపురంలో, ఇంకోసారి కదిరిలో చేయించి, రెండూ కలుస్తాయా లేదా అని నాయన చూసుకున్నాడు.

మొదటి నెల ముఖం ఇంకా చెడిపోయింది. నాయన టెలిఫోన్ బూత్‌కు పోయి డాక్టరమ్మతో గొడవ పెట్టుకున్నంత పని చేశాడు. కొందరికి మొదట ఇట్లా అవుతుందని ముందే చెప్పాను కదా, అయినా ఒకసారి పిల్లను తీసుకురండి చూస్తాను అన్నారామె. చూసి, మోతాదు కొంచెం తగ్గించారు. పెదవులు పగిలి, నవ్వితే రక్తం వచ్చేది. ముక్కు లోపల ఎండిపోయేది. అమ్మ వెన్న కాచిన నెయ్యి చిన్న గిన్నెలో నా పక్కన పెట్టేది, ఏమీ అనకుండా. దిగులుగా ఉంటోందా, నిద్ర పడుతోందా అని డాక్టరమ్మ ప్రతిసారీ అడిగేవారు. ఆ ప్రశ్న వెనక ఏముందోనని మేము ముగ్గురమూ బస్సులో చర్చించుకునేవాళ్లం.

వానలు రావాల్సిన కాలం వచ్చి, వానలు రాకుండానే పోయింది. ఆ లోపల నా ముఖం మాత్రం నయమైంది. దవడల కింద కొన్ని గుంటలు మిగిలాయి, ఇప్పటికీ ఉన్నాయి. మందు ఆపేసిన రోజు డాక్టరమ్మ ముఖం అంతా వేలితో తడిమి చూసి, ఇంకో నెల దాకా జాగ్రత్త అని అమ్మకు చెప్పారు. అమ్మ అలాగేనని తల ఊపింది.

అనంతపురం బస్టాండులో నాయన కదిరి బస్సు ఎప్పుడో కనుక్కోవడానికి పోయాడు. అమ్మా నేనూ సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఆమె కొంగుతో నా గడ్డం కింద చెమట తుడిచి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఆ పొద్దు వంటింట్లో నిన్ను అట్ల అడిగినుండకూడదు పాపా," అంది.

 పరవాలేదని అనాలని తెలుసు, నోరు రాలేదు. ఆమె కూడా జవాబు కోసం చూడలేదు. గుంట పడిన చోట బొటనవేలితో రెండుసార్లు రాసి, ఇవి గూడా పోతాయేమో అడగాల్సింది అంది.

"పోవంట. అడిగినాలేమ్మా."

"ఎప్పుడు అడిగినావు?"

"నువ్వు డాక్టరమ్మ గది బయట కూర్చున్నప్పుడు," అన్నాను.

అమ్మ నా వైపు చూసింది. ఇంకా ఏమేం అడిగానో తెలుసుకోవాలని ఆమెకు ఉంది. కానీ అడగలేదు.