బిస్కెట్ల డబ్బాలో తూటాలు

మే నెలలో ఒక శనివారం, ఉదయం పదిన్నర. కెనడాలో కేంబ్రిడ్జ్ ఊరి బయట షూటింగ్ రేంజిలో మా బావ కుడిచెయ్యి పోయి ఉండాల్సిన వేళ అది.

బావ అంటే మా అక్క మొగుడు. ఒషావాలో కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. వందేళ్లు దాటిన రివాల్వర్ ఒకటి కొని చలికాలమంతా దాన్ని తుడుస్తూ కూర్చున్నాడు. తుపాకులు బాగుచేసే మనిషి దాన్ని చూసి, ఆ కాలపు నల్లపొడి నింపిన తూటాలే వాడమన్నాడు. ఇప్పటి మందు పేలే బలానికి ఆ ఇనుము చీలిపోతుందట. మా అల్లుడిది కొత్త రివాల్వర్. రెండింటిలోనూ ఒకే సైజు తూటా పడుతుంది. బావకు కావలసిన నల్లపొడి తూటాలు కూడా అల్లుడే కొని తాళం వేసి ఉంచాడు.

ఆ ఉదయం రేంజిలో బావ తన రివాల్వర్‌లో ఐదు తూటాలు పెట్టేశాడు. చదువు నాకు యాభై దాటాక వచ్చింది. అందుకే కంటపడినదల్లా చదువుతాను. తూటాల పెట్టె మీద ఏం రాశారో చూద్దామని వెతికితే బల్ల మీద వెన్న బిస్కెట్ల డబ్బా ఒకటే ఉంది.

"పెట్టె ఏదయ్యా?" అని అల్లుణ్ణి అడిగాను.

"అట్టపెట్టెలు తడిసి చిరిగిపోయాయి మావయ్యా. డబ్బాలో పోశా."

"పెట్టెలా? ఎన్ని?"

అల్లుడు డబ్బా వైపు చూశాడు. "రెండూ, నావీ నల్లపొడివీ. నా గన్‌లో ఏవైనా ఓకే కదా అని... బాబాయిగారూ, ఆగండి. మిక్స్ అయిపోయాయి."

బావ రివాల్వర్ దించలేదు. "చక్కగా పట్టాయి కదరా. పట్టినవి పేలవా?"

"పేలతాయి. నీ చేతిలో పేలతాయి. దించు," అన్నాను.

దించాడు గానీ ఒప్పుకోలేదు. డబ్బాలోంచి ఒక తూటా తీసి, కొబ్బరికాయ ఊపినట్టు చెవి దగ్గర ఊపాడు. "ఇది నిండుగా ఉంది, చప్పుడు లేదు. ఇదే మనది."

"చెవిలో మిషన్ పెట్టుకున్నవాడివి, నీకు చప్పుడు తెలుస్తుందా బావా?"

"నోర్మూసుకో బామ్మర్దీ. గంటన్నర డ్రైవ్ చేసొచ్చాను."

"వచ్చిన చేత్తోనే తిరిగి డ్రైవ్ చెయ్యాలి. అది చూసుకో."

ఈలోగా రేంజి ఆఫీసరు వచ్చాడు. అల్లుడు సంగతంతా దాచకుండా చెప్పాడు. ఊపినా, తూచినా నమ్మడానికి లేదు, ఏ పెట్టెలోదో తెలియని తూటా పాత తుపాకీలో పెట్టకూడదన్నాడాయన. బావ ఒక్కొక్క తూటా బయటికి తీయడం మొదలుపెట్టాడు. నాలుగోది గూటిలో ఇరుక్కుంది. ఆఫీసరు ముందుకొచ్చి నిదానంగా దాన్ని తోసి తీశాడు.

ఆ రోజు బావ ఒక్క గుండూ కాల్చలేదు, వచ్చిన చేత్తోనే తిరిగి డ్రైవ్ చేసుకుని వెళ్లాడు. దీనికి సాక్షులం మేం నలుగురం: మా అక్క మొగుడు, మా అల్లుడు, ఆ రేంజి ఆఫీసరు, నేను.