అత్త కూర్చున్న పెట్టె

నా గిటారు పెట్టె మీద ఎవరైనా కూర్చుంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇది ముందే చెప్పేస్తే మంచిది. ఎందుకంటే నేను చెప్పబోయేది దాని మీద కూర్చున్న మనిషి గురించే.

పెట్టె అంటే ఆంప్. నేను వాయించేది బేస్ గిటారు, నాలుగు లావు తీగలు ఉంటాయి. ఆ తీగల చప్పుడును పెద్దది చేసే యంత్రం, స్పీకరు రెండూ ఈ ఒక్క పెట్టెలోనే ఉంటాయి. ఒంటి చేత్తో ఎత్తి షేర్ ఆటోలో కాళ్ల దగ్గర పెట్టుకోవచ్చు. కొత్తగా చేసిందే కానీ పాతకాలపు రూపం ఇచ్చారు. మీగడ రంగు గుడ్డ అతికించిన చెక్క, తోలు పిడి, దానిమ్మ గింజంత ఎర్ర దీపం. నెల్లూరు హోటల్లో వాయించే ఒకాయన మానేస్తూ అమ్మితే కొన్నాను. ఆత్మకూరు దాకా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. మా ఆయన చూసి, "ఏంది, మా అవ్వ రేడియో తెచ్చినావా?" అన్నాడు. ప్లగ్గు పెట్టి ఒక్క తీగ మీటాను. వంటింట్లో పళ్లెం కదిలింది. పిట్ట కొంచెం కూత ఘనం అని అప్పుడు ఒప్పుకున్నాడు.

వారమంతా బడిలో లెక్కలు చెబుతాను. ఆదివారాలు, సెలవులు మా నలుగురి బృందానివి. మా ఆయన కీబోర్డు, ఇంకో ఇద్దరు డ్రమ్సు, లీడ్ గిటారు. చర్చి కూటాలకు, పెళ్లిళ్లకు, కొత్త ఇంటి ప్రార్థనలకు వెళ్తాం. మేం వాయించేవి చాలావరకు వరండాలు, షామియానాలు. అక్కడ పెద్ద పెట్టె పెడితే గూట్లో గ్లాసులు కింద పడతాయి. ఈ చిన్నదైతే పాట కిందే ఉంటుంది, పాట మీదికి ఎక్కదు.

మా అత్తది పాడే గొంతు. మా చర్చిలో పాత కీర్తన ఏదైనా ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకోవాలి. ఆత్మకూరులో ఎత్తుకునేది ఆమె. పెళ్లయి వచ్చిన ఏటినుంచీ ఆమే. నేను కోడలిగా అడుగుపెట్టినప్పుడు, "గిటారు వాయిస్తాదంట, ఇంక అన్నం ఎవురు వండేది?" అని వీధంతా వినపడేలా అడిగింది. నా వాయింపు బాగుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అత్తలేని కోడలు ఉత్తమురాలు అని నేనూ చాలాసార్లు పళ్ల మధ్యన అనుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఆమె నా మాటకు బదులివ్వడం మానేసింది. కుక్కరు కూతకు లేవదు, ఫోను మోగితే తీయదు. కావాలనే చేస్తోందనుకున్నాను. నేనూ మూతి ముడుచుకున్నాను. అలా రెండేళ్లు. చివరికి నెల్లూరులో చెవి డాక్టరుకు చూపిస్తే తేలింది, ఆమెకు వినపడటం లేదని. సన్నని చప్పుళ్లు ముందు పోతాయట, లావు చప్పుళ్లు చివరిదాకా నిలుస్తాయట. వినపడని మనిషితో రెండేళ్లు అలిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. చెవి మిషన్ కొనిచ్చాం. అందులో పళ్లేల మోతే తప్ప మాట వినపడదని దాన్ని బిస్కెట్ డబ్బాలో పెట్టి మూతేసింది.

ఒక ఆదివారం కీర్తన ఎత్తుకుని, రెండో చరణానికి శ్రుతి తప్పింది. ఆమెకు తెలియదు. అలాగే పాడుతూ పోయింది. వెనక వరసలో కుర్రవాళ్లు నవ్వారు. "చెవిటోడి ముందర శంఖం ఊదినట్టుండాది" అన్నాడొకడు. వాడి మాట ఆమెకు వినపడలేదు కానీ, కదులుతున్న భుజాలు కనపడ్డాయి. ఇంటికొచ్చి పాటల పుస్తకం ట్రంకు పెట్టెలో పెట్టేసింది. ఆ తర్వాత నెలల తరబడి నోరు తెరవలేదు. బియ్యం కడిగేటప్పుడు తీసే కూనిరాగం కూడా పోయింది. ఆ రాగం అంటే నాకు ఇష్టమని అది పోయాకే తెలిసింది.

వేసవి మొదట్లో సీతారామపురం అవతల ఒక పల్లెలో కొత్త ఇంటి ప్రార్థనకు పిలిచారు. బంధువుల ఇల్లు కాబట్టి అత్త కూడా వచ్చింది. ప్లగ్గు పెట్టగానే పెట్టె గుయ్యిమని మోత మొదలుపెట్టింది. ఎర్తు సరిగా లేని ఇళ్లలో ఇది మామూలే. ఎర్తు తీగ భూమిలోకి దిగేచోట నీళ్లు పోస్తే తగ్గుతుంది. కానీ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో మట్టిలో పోయడానికి నీళ్లెలా అడగను? ఇంటామె నా మొహం చూసి ఏంది కావాలని అడిగింది. చెప్పాను. "పాట కోసమే గదమ్మా" అని అర బిందె నీళ్లు తనే తెచ్చి పోసింది. మోత ఆగింది.

వెనక్కి తిరిగి చూస్తే మా అత్త పెట్టె మీద కూర్చుని ఉంది.

"అత్తా, లెయ్! అది కూర్చునేది కాదు."

వినపడలేదో, వినపడనట్టు ఉందో నాకు తెలియదు. కుర్చీలన్నీ నిండిపోయాయి. నలుగురిలో చెయ్యి పట్టి లాగలేక పళ్లు కొరుక్కుంటూ వాయించడం మొదలుపెట్టాను. పాత కీర్తన. పాట రెండో వరసలో నా తీగల పక్కనే ఒక గొంతు కలిసింది. అత్త కళ్లు మూసుకుని పాడుతోంది, శ్రుతిలో, రవ్వంత తేడా లేకుండా. నా వేలు జారింది. ఆమె కళ్లు తెరిచి, "సరిగ్గా వాయించు" అని కసిరింది.

మర్నాడు ఇంట్లో మళ్లీ కూర్చోబెట్టి చూశాను. పెట్టె మీద ఉంటే పాట నిలిచింది. పెట్టెను దూరంగా మూలకు జరిపితే మూడో వరసకే తప్పింది. డాక్టరు చెప్పిన లావు చప్పుడు ఇదేనని అప్పుడు బుర్రకెక్కింది. కీబోర్డు వెనక మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నేను నా వస్తువు మీద నా హక్కు ఆరోజే వదులుకున్నాను.

తర్వాత ఉదయగిరి చర్చి వార్షికోత్సవానికి పిలుపు వచ్చింది, అత్త ఒక కీర్తన ఎత్తుకోవాలని. ఆమె పుట్టింది అక్కడే. చిన్నప్పుడు బల్ల మీద నిలబెట్టి మొదటి పాట పాడించింది ఆ చర్చిలోనే. పుస్తకం ట్రంకులోంచి తీసి, "ఆడ మొదలుపెట్టినాను. ఆడ తప్పినానంటే ఇంక జన్మలో నోరు తెరవను" అంది. అన్నమాట తప్పే మనిషి కాదు. నాకు వారం రోజులు సరిగా నిద్ర లేదు.

పొద్దున్నే వెళ్లాం. వేదికకు రెండు వైపులా మనిషెత్తు స్పీకర్లు. సౌండు పెట్టే ఆయన నా పెట్టెను చూడగానే తల అడ్డంగా ఊపాడు.

"స్టేజీ మీద ఆంప్ వద్దక్కా. వైరు నేరుగా నా మిక్సర్‌కి ఇయ్యి."

"ఇది ఆంప్ కాదన్నా, మా అత్త కుర్చీ."

"కుర్చీకి కరెంటు వైరేంది అక్కా?"

నాకు కోపం రావడం తేలిక, అబద్ధం తట్టడం కష్టం. ఉన్నది చెప్పేశాను. ఆయన అత్త వైపు చూశాడు. ఆమె కొంగుతో పెట్టె మీద దుమ్ము తుడిచి, చీర సర్దుకుని, దర్జాగా కూర్చుంది.

"సరే, నా మిక్సర్‌కీ ఒక వైరు ఇయ్యి. కుర్చీ సౌండు మటుకు తగ్గించుకో" అని తనే మైకు తెచ్చి ఆమె నోటి ఎత్తుకు సరిచేశాడు.

అత్త ఎత్తుకుంది. జనం అందుకున్నారు. మొదటి చరణం, రెండో చరణం. ఆ రెండోది దాటేదాకా నేను ఊపిరి పట్టే ఉన్నాను. మూడో చరణం మధ్యలో కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, మైకు పోయింది, ఎర్ర దీపం ఆరింది. జనం ఆగలేదు. తాతల కాలం నుంచి వచ్చిన పాట, వాళ్లకు మైకుతో పనేంది? ఇంకా గట్టిగా పాడారు. ఆగిపోయింది మా అత్త ఒక్కతే. నోరు తెరిచే ఉంది. చేతులు పెట్టెకు రెండు పక్కలా తడుముతున్నాయి. జనం వైపు తిరగకుండా నా వైపే చూసింది. ఆ ఆదివారం కుర్రవాళ్లు నవ్వినప్పటి చూపు అది. తానే తప్పాననుకుంటోందని నాకు అర్థమైంది.

నా చేతిలో ఉన్నది కరెంటు లేని గిటారు. ఏం తోచిందో తెలియదు, మోకాళ్ల మీద కూలబడి గిటారు తలను పెట్టె చెక్కకు గట్టిగా ఆనించి, లావు తీగను మీటాను. ఏమీ లేదు. మళ్లీ మీటాను. ఆమె అరచెయ్యి చెక్క మీదికి దిగింది. ఇంకోసారి మీటాను. గడ్డం కొద్దిగా ఆడింది. నా పెదవులు కదిపి మాట అందించాను. ఆపిన చోటినుంచే, అదే శ్రుతిలో ఎత్తుకుంది.

అప్పటికి జనం పాటలో ఆమెను దాటి ఒక వరస ముందుకు పోయారు. ముందు బల్లల్లో వాళ్లు ఆమె గొంతు విని ఆగారు. వాళ్లను చూసి వెనకవాళ్లు ఆగారు. అందరూ వెనక్కి వచ్చి, ఆమె ఉన్న వరసే అందుకున్నారు. జెనరేటరు వేసేసరికి పాట చివరికొచ్చింది. నాకు తీగలు మసకగా కనిపించాయి. ఏడ్చాను, దాచేదేముంది.

మధ్యాహ్నం బస్టాండులో బల్లలు ఖాళీ లేవు. అత్త పెట్టె మీదే కూర్చుంది. మా ఆయన టీ తేవడానికి వెళ్లాడు. ఆమె కొండకేసి చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"నడిమధ్యలో అందరూ ఎందుకు ఆపేసినారమ్మా?"

ఆమెకు కాస్త వినపడే కుడి చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పాను. "ఎవురూ ఆపలేదత్తా. కరెంటు పోయింది. జనం పాడతానే ఉండారు."

"పాడతానే ఉండారా?"

"అందరూ."

"నాకు నీ చప్పుడు ఒక్కటే వినపడతాది" అంది. "అది ఆగితే అందరూ ఆగినట్టే అనుకున్నా."

ఆ గొంతుల్లో ఒక్కటీ వినపడకుండానే, నా నాలుగు తీగలను నమ్మి సంఘాన్నంతా నడిపించింది. కొత్త ఇంట్లో నా వేలు జారిన రోజు గుర్తొచ్చింది. ఆమె నా మోకాలు తట్టి మళ్లీ అడిగింది.

"బాగా పాడినారా వాళ్లు?"

"బాగా పాడినారత్తా. నీకోసం వెనక్కొచ్చి పాడినారు."

ఆమె తల ఊపింది. కొంచెం పైకి లేచి, పెట్టెను అరచేత్తో ఒకసారి చరిచి, మళ్లీ సర్దుకుని కూర్చుంది.

"వచ్చే ఆదివారానికి దీనికొక మెత్త కుట్టు" అంది. "మరీ గట్టిగా ఉండాది."