మామగారి దగ్గర ఆగిపోయిన బాణం

ఓడలరేవు దగ్గర గ్యాస్ ప్లాంటులో నా ఉద్యోగం ఒక రకంగా బొమ్మలు గీయడమే. ఏదైనా పొరపాటు జరిగితే దాని వెనకున్న కారణాలను డబ్బాలుగా గీసి, ఏది దేనికి దారితీసిందో బాణాలతో కలుపుతాను. మనిషి తప్పు చేశాడంటే, ఆ తప్పు చేయించినవేమిటో వెతకాలన్నది ఈ పద్ధతి. దేవుణ్ణి నమ్మినట్టు నమ్మాను దాన్ని.

ఆ వానాకాలం ఒక వాల్వు సగమే మూసుకుని గ్యాస్ లీకయింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. కంట్రోల్ రూములో ఉన్నది అల్లవరం నుంచి వచ్చే పెద్దాయన. బయట వాల్వు తిప్పింది ఆయన కొత్త అల్లుడు. "మూసేసేనండి" అని అల్లుడు వాకీటాకీలో చెప్పాడు. పూర్తిగా మూసుకుందో లేదో చూసి చెప్పమని మళ్లీ అడగాలి, రూలు అది. పెద్దాయన అడగలేదు. కొత్త అల్లుణ్ణి తిరిగి అడిగితే, నీ మాట నమ్మలేదన్నట్టే కదా! మా వైపు అల్లుడికి కూర ఎన్నిసార్లయినా వడ్డిస్తారు గానీ ప్రశ్న రెండోసారి వేయరు.

రోజంతా ఊరికే మోగి, ఎవరూ పట్టించుకోని అలారం ఒక డబ్బా. జీపు ఖర్చు కలిసొస్తుందని మామనీ అల్లుణ్ణీ ఒకే షిఫ్టులో వేసిన కాంట్రాక్టరు ఇంకో డబ్బా. మధ్యలో ‘మర్యాద’ అని రాశాను. అన్నీ కలిపి చూస్తే పెద్దాయన మీద పడే తప్పు చాలా తక్కువ. ఆయన ఉద్యోగం నిలబడుతుందని పొంగిపోయాను.

"మర్యాదకి స్పేర్ పార్టు దొరుకుతుందాండీ?" అని నా బొమ్మ చూసి నవ్వాడు పెద్ద ఆఫీసరు. నాకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే పెద్దాయన నా గదికి వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ బొమ్మలో మా అల్లుడుగారు కూడా ఉన్నారంట కదండీ."

"ఉన్నారండీ. ఆ డబ్బా ఉంటేనే మీ ఉద్యోగం ఉంటుంది."

"తీసేయండి బాబూ. మా అమ్మాయి ఆ ఇంట్లో బతకాలండి. మామగారే ఇరికించేరన్న మాట పడితే ఇంకేముందండీ? గీత నా దగ్గరే ఆపేయండి."

నేను తీయలేదు. తీయాల్సిన అవసరమూ రాలేదు. వారం తిరక్కుండానే పైనుంచి సవరించిన బొమ్మ వచ్చింది. అలారం లేదు, కాంట్రాక్టరు లేడు, అల్లుడూ లేడు. ‘ఆపరేటరు అశ్రద్ధ’ అని ఒకే డబ్బా, దాన్నుంచి లీకు దాకా ఒకే బాణం. ఆయన అడిగిందీ, వాళ్లకి కావలసిందీ ఒకటే అయ్యాక మధ్యలో నేనెవర్ని?

పెద్దాయన్ని తీసేశారు. వెళ్లేముందు నాకు దండం పెట్టి, "మీ మేలు మర్చిపోమండి" అన్నారు. ఆ మాటకి ఏడుపొచ్చింది.

ఇప్పుడు కంట్రోల్ రూములో ఆయన కుర్చీలో అల్లుడు కూర్చుంటున్నాడు. బయట వాల్వులు తిప్పేది అతని పెదనాన్న. ఇద్దరూ ఒకే జీపులో వస్తారు. నిన్న నేను అక్కడే నిలబడి ఉన్నాను. అలారం మోగుతూనే ఉంది.

"మూసేసేన్రా అబ్బాయ్" అంది వాకీటాకీ.

"ఆయ్, మంచిదండి" అన్నాడు అల్లుడు. అంతే, మళ్లీ అడగలేదు.