దండకు పనికొచ్చే ఫొటో

గురజాల బస్టాండులో కూర్చుని, కొత్తగా కొన్న ఖరీదైన పోర్ట్రెయిట్ లెన్సును కెమెరాకు బిగిస్తున్నాను. కోర్టు వాయిదాకు వచ్చిన ఒక నడివయసాయన పక్కన చేరాడు.

"అబ్బాయ్, నాకో ఫొటో తియ్యి. మా అన్న పోయినప్పుడు ఆధార్ కార్డులో బొమ్మే పెద్దది చేయించి దండేశాం. మొహం అలికినట్టు వచ్చింది. నాది చానా స్పష్టంగా ఉండాలి."

నవ్వమన్నాను.

"దండేసే ఫొటోకి నవ్వేంది?" అంటూ చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు.

లెన్సు గొప్ప చూపించాలని వెలుతురు లోపలికొచ్చే అపర్చర్ పూర్తిగా తెరిచాను. కనురెప్పల వెంట్రుకలతో సహా మొహం పడింది. వెనకున్న బస్టాండంతా మెత్తగా మసకలో కలిసిపోయింది. మురిసిపోతూ చూపించాను.

"వెనక నిలబడ్డోడు ఎవడో తెలియట్లేదే" అన్నాడు. వెనక్కి మాత్రం తిరగలేదు. నా నంబరు వాయిదా కాగితం మీద రాసుకుని బస్సెక్కాడు. బస్సు కదిలాక, తెల్లచొక్కా మనిషొకడు పరిగెత్తి అందులోనే ఎక్కాడు.

మూడోరోజు ఒకామె ఫోన్ చేసింది. "మా ఆయన ఫొటో మీకాడ ఉందంట గదన్నా, పంపిస్తారా?"

పంపేముందు పెద్దది చేసి చూశాను. ఆయన భుజం వెనక ఒక తెల్లటి మరక ఉంది. ఎంత పెద్దది చేసినా దానికి మొహం రాలేదు.