లిదియా లేని శుక్రవారం

మట్టెవాడలో సుమయ్యా అంటే చాలామందికి బట్టలు కుట్టే ఆమెగానే తెలుసు. నవలలు కూడా రాస్తుందనీ, సొంత ఖర్చుతో అచ్చు వేయించి స్కూటీ మీద ఊరూరా తిరిగి అమ్ముకుంటుందనీ తెలిసినవాళ్లు తక్కువ. అయినా ప్రతి శుక్రవారం సాయంత్రం ఫోనులో లైవ్ పెట్టి ఆమె చదివి వినిపించేది తన పుస్తకం కాదు, తనలాగే అడిగే దిక్కులేని తోటి రచయితలది.

"నీది ఇడిసిపెట్టి మందియి మోస్తవేంది?" అని ఇంట్లోవాళ్లు దెప్పితే, "మాయి మేం మోయకపోతే ఇంకెవలు మోస్తరు?" అని కసురుతుంది.

ఆ లైవ్ చూసేవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. పరకాల నుంచి లిదియా అనే తోటి రచయిత్రి మాత్రం ఎన్నడూ తప్పేది కాదు. "మొదలువెట్టు అక్కా" అని ఆమె మెసేజ్ పడ్డాకే సుమయ్యా నోరు విప్పేది.

"అట్ట మీద నా పేరు చూసి మా ఆయన నవ్విండక్కా" అని ఒకసారి చెప్పి, లిదియా తనూ నవ్వేసింది.

ఈ శుక్రవారం సుమయ్యా చేతిలో ఉన్నది లిదియా రాసిన ఒకే ఒక్క నవల. లిదియాను సమాధి చేసి వారం కూడా కాలేదు. పాడు అలవాటు, సుమయ్యా ఆ మెసేజ్ కోసమే ఫోను వంక చూస్తూ కూర్చుంది.

అంతలో లిదియా పేరుతోనే మెసేజ్ పడింది. ఆమె ఫోను నుంచి రాసింది భర్త దేవదానం.

"మొదలువెట్టు చెల్లే. ఆమె ఉన్నన్ని దినాలు ఒక్క పేజీ సదువలే నేను. జర నిమ్మళంగ సదువు."